'ఎవరిదీ కాని' పాట: జానపద గేయం, సేకర్త, సంగీత వ్యాపారం

జానపద గేయానికి కర్త అజ్ఞాతుడు కాబట్టి అది అందరిదీ అని జానపద విజ్ఞానం చెబుతుంది. సంగీత వ్యాపారం ఈ సూత్రాన్ని 'ఎవరిదీ కాదు' అని చదువుకుంది. ఈ రెండు పఠనాల మధ్య కళాకారులు, కళారూపాలు ఏం కోల్పోతున్నాయో ఉమ్మడి వరంగల్ ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. సేకర్త స్థానం

2021లో 'లవ్ స్టోరి' చిత్రంలోని 'సారంగ దరియా' పాట ఈ ప్రశ్నను బహిరంగ చర్చలోకి తెచ్చింది. జానపద గాయని కోమలి ఆ పాటను అంతకుముందే 'రేలా రె రేలా' కార్యక్రమంలో పాడారు. సేకరణ తనదని చెప్పారు. పల్లవి జానపదమేనని, చరణాలు తన రచనని సుద్దాల అశోక్‌తేజ వివరించారు. ఇద్దరి మాటలూ ఒకదానికొకటి విరుద్ధం కావు. చిక్కు చట్టంలో ఉంది. కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ గీతరచయితకు, స్వరకర్తకు, గాయకులకు రాయల్టీలో వాటా కల్పించింది. ధ్వనిముద్రణపై హక్కు ప్రచురణ తరువాత 60 ఏళ్లు నిలుస్తుంది. పాటను నోట నిలుపుకొని అంతవరకు తెచ్చిన సేకర్త మాత్రం ఈ లెక్కలో ఎక్కడా లేరు.

2. మిరాశి చెప్పే సత్యం

నిజానికి ఈ నేలపై కళకు హక్కుదారులు లేకపోలేదు. ఒగ్గుకథకు కురుమ, గొల్ల కులాలతో, చిందు యక్షగానానికి మాదిగలతో ఆశ్రిత సంబంధం ఉంది. ఏ మేళానికి ఏ ఊళ్లపై మిరాశి ఉన్నదో సంప్రదాయమే నిర్ణయించేది. అది కులవ్యవస్థలో భాగమే కనుక దానిని ఆదర్శీకరించనవసరం లేదు. అయినా ఆ వ్యవస్థ పాడేవారి పేరును, హక్కును గుర్తించింది. మార్కెట్ ఆ బంధాన్ని తెంచింది కానీ దాని స్థానంలో మరో హక్కును నిలపలేదు.

3. రూపంపై ప్రభావం

జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథలో పాట, మాట, అభినయం, డోలు విడదీయరానివి. శ్రోతల స్పందనను బట్టి కథ సాగుతుంది, కుదించుకుంటుంది. అదే జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ తెచ్చిన చిందు యక్షగానమూ ఇటువంటి సమగ్ర ప్రదర్శనే. యూట్యూబ్‌కు కావలసింది నాలుగైదు నిమిషాల పాట. కోయ డోలీలు పడిగె ముందు గానం చేసే సమ్మక్క కథలో గోత్రాల చరిత్ర ఉంటుంది. జాతర వేళ వెలువడే డీజే పాటలలో దేవత పేరు, దరువు మాత్రమే మిగులుతాయి. మరోవైపు, మహబూబాబాద్ తండాల బంజారా గాయనీగాయకులు సహా ఎందరికో ఈ వేదికే తొలి గుర్తింపు, ఆదాయం ఇచ్చిందన్నదీ విస్మరించరానిది. కనుక అభ్యంతరం వేదికపై కాదు, హక్కుల పంపిణీపై.

4. ముగింపు

చట్టం మారేవరకు వేచి ఉండనక్కరలేని పని ఒకటి పరిశోధకుల చేతిలో ఉంది. సిద్ధాంత గ్రంథాల అనుబంధాలలో చేరే ప్రతి పాటకు ఆవేదకుల పేరు, ఊరు, నేర్చుకున్న మూలం, సేకరించిన తేదీ, వారి అనుమతి నమోదు కావాలి. రేపు ఆ పాట సినిమాకు వెళ్లినపుడు, ఇది ఫలానా వారి నోట నిలిచిందని చూపగల లిఖిత సాక్ష్యం అదే.