చోరకళయు రసనిష్పత్తియు: 'థీఫ్' వీడియో క్రీడాపరిశీలనము

చౌర్యము వస్తువుగా గల కావ్యము మనకు క్రొత్త కాదు. శూద్రకుని మృచ్ఛకటికమునందలి శర్విలకుడును, దండి దశకుమారచరితమునందలి అపహారవర్మయు సహృదయులకు చిరపరిచితులు. దండి కథను పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించి తిక్కనకు అంకితమొసగుటచే అపహారవర్మ తెలుగువారికిని ఆత్మీయుడైనాడు. ఇట్టి సంప్రదాయము గల మనము, చోరుడు నాయకుడైన వీడియో క్రీడను విమర్శకు అనర్హమని త్రోసివేయుట న్యాయము కాదు. అమెరికాలోని లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ వారు 1998లో వెలువరించిన 'థీఫ్: ది డార్క్ ప్రాజెక్ట్' అను క్రీడను రసదృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఇతివృత్తము సంగ్రహముగా నిది: గారెట్ వీధులలో జేబులు కొట్టి బ్రదికిన అనాథబాలుడు. కీపర్లను రహస్యసంఘమువారు అతనిని చేరదీసి, కంటబడక మెలగు విద్య నేర్పిరి. అతడు వారిని విడిచి ఆ విద్యను దొంగతనమునకు వినియోగించెను. కాన్‌స్టంటైన్ అను ధనికుడు 'కన్ను' అను పేరు గల మణిని తెమ్మని అతనిని నియోగించును. మణిని తెచ్చి యిచ్చిన గారెట్ తన కన్నునే కోల్పోవును. చోరునికి తగిన ఫలమును కవి ఇంతకంటె క్లుప్తముగా చెప్పలేడు.

ఈ క్రీడకు ప్రాణము నాయకుని బలము కాదు, బలహీనత. ఇద్దరు కావలివాండ్రు ఎదురైనచో కత్తితో నిలిచి గెలుచుట దుష్కరము. కావున అతనికి దిక్కు చీకటియు నిశ్శబ్దమును. తెర అడుగున నొక రత్నము, అతనిపై ఎంత వెలుగు పడుచున్నదో తెలుపుచుండును. తివాచీపై అడుగు వినబడదు. లోహపు నేలపై మ్రోగును. నీటిబాణము దివిటీని ఆర్పును. నాచుబాణము నేలను మెత్తపరచును. శర్విలకుడు తలుపు చప్పుడు కాకుండ నీరు చల్లుటయు, దీపమార్పుటకు పురుగును విడుచుటయు, అపహారవర్మ ఇట్టి పనికే తుమ్మెదల పెట్టెను వెంటగొనుటయు ఇచట స్మరణీయములు. దేశకాలములు వేరైనను వెలుగును, శబ్దమును జయించుటయే చోరకళ యని ఉభయులును ఎరిగిరి.

అయినను ముఖ్యభేద మొకటి కలదు. శర్విలకుని నేర్పును మనము చూతుము. గారెట్ భయమును మనమే మోయుదుము. స్వకీయభయము లౌకికము కదా, అది రసమెట్లగునని ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపము బలమైనదే. కాని క్రీడాకారుడు చీకటిలో కదలక నిలిచిన ఘట్టములను గమనింపవలెను. కావలివాండ్రు నడచిపోవుచుందురు, తమలో తాము ముచ్చటించుకొందురు, విసుగుకొందురు. ఆ సమయమున అతడు కేవలము ప్రేక్షకుడు, శ్రోత. వెలుగులోనికి అడుగిడిన క్షణమున నటుడు. ఈ రెండు స్థితుల వినిమయముచే భయము ఆస్వాద్యమగుచున్నది. గారెట్ తన పనిని గూర్చి నిర్లిప్తముగా పలుకు వ్యంగ్యోక్తులును ఆ తాటస్థ్యమును పోషించుచున్నవి.

నీతివిషయమునను క్రీడ ఉపన్యసింపదు. మూడు కష్టస్థాయులలో కడపటిదానిని ఎన్నుకొన్నచో, సాధారణముగా మనుష్యవధ నిషిద్ధము. దోచవలసిన ధనము మాత్రము అధికము. నేర్పు పెరిగినకొలది హింస తగ్గుచున్నది, లోభము పెరుగుచున్నది. శర్విలకుడును స్త్రీల నగలను, యజ్ఞార్థమైన బంగారమును ముట్టనని చెప్పుకొనును. కాని అతని నియమము మాటలలో నున్నది. ఇచట అది ఆటయొక్క నిబంధనయే యైనది. అంతమాత్రమున చౌర్యము ధర్మమగునని మేము చెప్పుట లేదు. కళకు లోబడినవాడు క్రూరుడు కాజాలడని మాత్రము ఈ నిబంధన ధ్వనింపజేయుచున్నది.

దోషమును దాచుట విమర్శ కాదు. సమాధులలోని ప్రేతములతో పోరవలసిన ఘట్టములలో ఔచిత్యభంగము కలదు. వినుటకు మనుష్యుల మాటలు లేవు, నేర్పునకు అవకాశము స్వల్పము. భయానకమునకు మారుగా బీభత్సము మిగులును. 2000లో వెలువడిన 'థీఫ్ 2: ది మెటల్ ఏజ్' నందు కర్తలు ప్రేతములను తగ్గించి, మనుష్యులు కాపుండు భవనములకు ప్రాధాన్యమిచ్చిరి. తమ కృతియొక్క రసమెచ్చట నున్నదో వారు గుర్తించిరనుటకు ఇదియే ప్రమాణము. ఆ సంవత్సరముననే ఆ సంస్థ మూతపడెను.

దృశ్యము, శ్రవ్యము అని మన లాక్షణికులు చేసిన విభాగమునకు ఇట్టి కృతులు క్రొత్త పరీక్ష. ప్రేక్షకుడే నటుడైనచోట రసాశ్రయ మెవ్వరను ప్రశ్నకు పై వినిమయమును గమనించి సమాధానము వెదుకవలెనని మా మతము. పరిశోధక విద్యార్థులు ఈ మార్గమున కృషిచేయుదురుగాక.