ముఖము లేని నటుడు

యంత్రము మనుష్యునిపై తిరుగబడు కథలు పెక్కు చూచితిని గాని, స్టాన్లీ క్యూబ్రిక్ 1968లో వెలువరించిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ని ఇటీవల మరల చూచినప్పుడు నా మనస్సును కట్టివేసినది ఆ వ్యోమనౌకయు గాదు, గ్రహగోళములును గావు; నౌకను నడుపు హాల్ 9000 అను గణకయంత్రము యొక్క కంఠస్వరము. అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికమని మన నాట్యశాస్త్రము నాలుగు విధముల విభజించినది గదా. ఎఱ్ఱగా వెలుగు కటకము తప్ప దేహమే లేని ఈ పాత్రకు అంగమును లేదు, వేషమును లేదు. భారమంతయు వాచికముపైననే పడినది.

ఆ గొంతు డగ్లస్ రెయిన్ అను కెనడాదేశపు రంగస్థల నటునిది. ‘యూనివర్స్’ అను 1960 నాటి కెనడా డాక్యుమెంటరీకి అతడు చెప్పిన వ్యాఖ్యానము విని ముగ్ధుడై, తన చిత్రమునకును వ్యాఖ్యాతగా నుండుమని క్యూబ్రిక్ అతనిని పిలిపించెను. పిదప వ్యాఖ్యానమునే తొలగించి, మార్టిన్ బాల్సమ్ అను నటుడు అదివఱకే చదివియుండిన హాల్ సంభాషణలను సైతము విడిచి, ఆ పాత్రను రెయిన్‌కు అప్పగించెను. చిత్రమునందలి భయమంతయు ఈ మార్పునుండియే పుట్టినదని నా నమ్మకము. వ్యాఖ్యాతకు పక్షపాతముండదు, ఉన్నదున్నట్లు చెప్పుట అతని వృత్తి, శ్రోత అతనిని శంకింపడు. అట్టి నమ్మదగిన స్వరముతోనే, నౌక వెలుపల నిలిచిపోయిన వ్యోమగామి డేవ్ బోమన్‌తో, తలుపు తెరువజాలనని హాల్ పలుకును. కోపము లేదు, కసి లేదు, గొంతు ఒక్క మెట్టైనను పైకి లేవదు. గర్జించు రాక్షసుని ఎదిరింపవచ్చును; ఇంత మర్యాదగా ప్రాణము తీయుదానితో వాదించుట యెట్లు?

అయినను, యాత్ర యొక్క నిజమైన ఉద్దేశమును నౌకలో మేల్కొనియున్న బోమన్, పూల్ అను వ్యోమగాములిరువురకును తెలుపక, హాల్‌కు మాత్రమే తెలిపి పంపినవారు భూమిమీది అధికారులే యని మఱువరాదు. ఆ ఇరువురి మాటలన్ననో మిక్కిలి పొడిగా నుండును. పుట్టినరోజున తల్లిదండ్రుల దీవెనలు వినియు పూల్ ముఖమున కదలిక లేదు. అందుచేతనే హృదయమున్నది యంత్రమునకేమో యనిపించును.

తుదకు నౌకలోనికి మరల ప్రవేశించి, హాల్‌ను ఆపివేయుటకై దాని స్మృతిఫలకములను బోమన్ ఒక్కొక్కటిగా వెలికి లాగుచుండగా, తనకు భయమగుచున్నదనియు, తన బుద్ధి జారిపోవుచున్నదనియు అది మరల మరల చెప్పును గాని ఆక్రందింపదు. చివరకు గురువు నేర్పిన ‘డైసీ బెల్’ పాట నెత్తుకొనగా, లయ మందగించి, శ్రుతి మంద్రమునకు దిగి, అక్షరములు సాగిపోవును. 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో గణకయంత్రముచేత పాడించిన పాట అదియే. కథారచనలో పాలుగొన్న ఆర్థర్ క్లార్క్ దానిని అచ్చట స్వయముగా వినియుండెను. స్వరభేదమును సాత్త్వికభావములలో చేర్చిన మన పెద్దల చూపు ఎంత సునిశితమైనదో ఈ ఘట్టమున నాకు బోధపడినది: కన్నీరు లేదు, పులకాంకురము లేదు, స్వేదము లేదు, అయినను సాత్త్వికము లేదని ఎవ్వరనగలరు?

రేడియో నాటికలలో పాత్రలు ధరించు యువకులు ఈ రెండు ఘట్టములను ముందు తెర చూడక విని, పిదప చూచి, గొంతు ఎచ్చట మాఱినదో, ఎచ్చట మాఱక నిలిచినదో గుర్తింపవలెనని నేను మనసార కోరుచున్నాను.