హరవిలాసమున ఓడవాఁడు

శ్రీనాథుఁడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి అంకిత మొసఁగెను. అవతారికలో అవచివారి వర్తకమును వర్ణించు సీసమును మన పండితులు వేనోళ్లఁ బొగడుదురు. సింహళపు టేనుఁగులు, హురుమంజి గుఱ్ఱములు, చీనా పట్టు: ఏ దేశమునుండి యే సరకు వచ్చెనో యందుఁ గలదు. చరిత్రకారునకు అది పెన్నిధియే. కాని అన్నిటిని తెచ్చినవాఁడు సెట్టి యొక్కఁడే! ఓడలో ఆ గుఱ్ఱములను మేపినవాఁ డెవఁడు? చుక్కాని పట్టినవాఁ డెవఁడు? కవి యడుగలేదు, పొగడెడివారును అడుగలేదు.

శ్రీనాథునకు నూఱేండ్లకుఁ బైగా ముందు, 1244లో, కాకతి గణపతిదేవుఁడు మోటుపల్లి రేవున నిలిపిన అభయశాసనమును చూడుఁడు. గాలివాన పాలై యొడ్డునఁ బడిన ఓడల సరకును పూర్వరాజులు బలిమిని లాగుకొనుచుండిరనియు, తాను ఏర్పఱచిన సుంకము దక్కఁ దక్కినదెల్ల విడుచుచున్నాననియు, ప్రాణముకంటె ధనమే గొప్పదని కడలిపైఁ దెగించి పోవువారియెడఁ గరుణయే యిందులకుఁ గారణమనియు నందుఁ గలదు. రాజాజ్ఞయైన యా రాతిలోని తడి సీసపద్యమున మాకుఁ గానరాదు.

సముద్రమెఱుఁగని కథలాపూరున మీకీ చర్చ యేల యందురా? ఆ హురుమంజి దాపుననున్న గల్ఫు దేశములకే నేఁడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలనుండి మనుష్యులు కూలికిఁ బోవుచున్నారు. వారు తెచ్చిన బంగారమును లెక్కించు నోళ్లు ఇచటను పెక్కు గలవు.