పచ్చిమండ

ఫాల్గుణము గడచి చైత్రము ప్రవేశించునప్పటికి నల్లమల కొండలయందు టేకును, తునికియు, నల్లమద్దియు ఆకు రాల్చి, బోదగడ్డి యెండి గలగలలాడుచుండగా, ఇప్పపూవు ఏరుకొనుటకై చెట్టుక్రింద పెట్టిన నిప్పో, కొత్తమేత మొలచునని కాపరి అంటించిన రవ్వయో, బాటసారి పారవైచిన బీడీముక్కయో చాలును, చరియ యంతయు ఎఱ్ఱని గీతలు ప్రాకుటకు. అట్టి మంట సాధారణముగా నేలబారున నడచునదే కాని చెట్ల తలల కెక్కునది కాదు. కనుకనే మనుష్యుడు దానిని చేతితో ఆర్పగలుగుచున్నాడు.

చెంచుపెంటలవారును, అటవీశాఖవారు వేసవికి కుదుర్చుకొను ఫైర్ వాచర్లును ఇందుకై మోసికొనిపోవు సామగ్రి స్వల్పము: గొడ్డలి, పార, దంతె. ముఖ్యసాధనమైన పచ్చిమండను మాత్రము వాగువెంబడి నేరేడునుండియో కానుగనుండియో అక్కడికక్కడ నరికికొందురు. (మండ యనగా ఆకుల కొమ్మ, మండుట యనగా దహనము, ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపిన భాష చమత్కారమునకు వ్యుత్పత్తి వెదకుట నా పని కాదు.)

కొత్తవాడు మండను తలమీది కెత్తి బాదును. బాదిన ప్రతి దెబ్బకును కణములు చెదరి యెండుగడ్డిలో బడి, ఒక మంటకు నాలుగు పుట్టును. తెలిసినవాడు మోకాటి యెత్తు మించి లేపడు. మంట మొదటిమీద వెడల్పుగా పఱచి, క్షణమాత్రము అదిమిపట్టి, కాలిన నేలవైపునకు ఈడ్చును. గాలి తెగి, ఆకులోని తడి తగిలి, బుస్సుమని పొగ లేచును. వెనుకవాడు మిగిలిన కొనను నొక్కును. ఆకు కమలి చిటపటలాడగానే వేఱొక మండ.

మంట ముఖమున కెదురు నిలువరు. నల్లబడిన నేలమీద నిలిచి, ఇరుప్రక్కలనుండి నొక్కుకొనుచు ముఖమును సన్నగింతురు. నిప్పు దిగుటకంటె ఎక్కుటలో మిక్కిలి వడిగలది గనుక, చరియపై దానికి ఎగువన నిలుచుట మృత్యువును పిలుచుటయే. మంట 4 అడుగులు మించినచో మండ చాలదు. అప్పుడు దూరముగా, మన్ను బయటపడువఱకు దంతెతో ఆకు నీడ్చి గీత తీయుదురు. పచ్చి ఆకునైన ఎండుటాకునైన మంటవైపు కాక ఆవలివైపునకే ఈడ్వవలెను. మంటవైపు పోగువేసినచో శత్రువునకు అన్నము పెట్టినట్లే.

అమెరికాలో 1910 ఆగస్టు నాటి మహాదావాగ్నియందు తన కూలీలను గని సొరంగములోనికి చేర్చి పెక్కుమందిని బ్రతికించిన ఎడ్వర్డ్ పులాస్కీ పేర, ఒకవైపు గొడ్డలియు మఱియొకవైపు తవ్వు అంచును ఒక్క కామకు గల పనిముట్టు ప్రసిద్ధమైనది. మెచ్చదగినదే. మండకు మాత్రము అట్టి పేరు లేదు. సాయంకాలమునకు బూడిదయగు దానిని ఎవరు దాచుదురు?

ఇప్పుడు ఉపగ్రహము పసిగట్టిన నిప్పు వార్త సెల్‌ఫోనునకు వచ్చును. ఆకు నూదు బ్లోయర్లును వచ్చినవి. 2014 మార్చిలో శేషాచలము అంటుకొన్నపుడు వైమానికదళ హెలికాప్టర్లు నీరు గుమ్మరించినవి. అయినను కడపటి పని చేతిదే. చీకటిపడి గాలి తగ్గిన పిమ్మట ప్రతి మొద్దును, ఎండుపేడను తిరుగవేసి, అరచేతి వెనుకభాగము దగ్గఱగా పట్టి వేడి చూచి, తొఱ్ఱలో మన్ను కూరి పోవుదురు. మఱునాడు ప్రొద్దెక్కి గాలి లేవకమునుపే మరల వచ్చి చూతురు.