గౌతమి కొడుకు, శకుల కూతుళ్ళు

డిగ్రీ పిల్లలకు సాహిత్య చరిత్ర చెప్తాను. గాథాసప్తశతి దగ్గరికి వచ్చినప్పుడు శాతవాహనుల గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. అప్పుడు ఏటా ఎవరో ఒక అమ్మాయి లేచి ఇదే ప్రశ్న వేస్తుంది. "మేడం, గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి... రాజులే అమ్మ పేరు పెట్టుకున్నారంటే, అప్పట్లో ఆడవాళ్ళ మాటే చెల్లేదా?"

చాలా ఏళ్ళు ఔననీ కాదనీ చెప్పకుండా దాటేశాను. ఔననే నమ్మాలని నాకూ ఉండేది. తెలుగు కథల్లో మాతృత్వం మీద రాసిన నా పిహెచ్.డి. గ్రంథం మొదటి అధ్యాయంలోనే గౌతమీ బలశ్రీని తెచ్చి నిలబెట్టాను. కొడుకు చరిత్రను రాయించిన తల్లి అని, మన తొలి చరిత్రకారిణి అని పొంగిపోయాను. అప్పటికి ఆ శాసనం పూర్తిపాఠం నేను చదవలేదు. చరిత్ర పుస్తకాలు ఎత్తి రాసిన ముక్కలే చదివాను. ఈమధ్య మొత్తం దగ్గర పెట్టుకుని, ఒక కావ్యాన్ని చదివినట్టు వాక్యం వాక్యం చదివాక, ఆ అధ్యాయాన్ని వెనక్కి తీసుకోవాలనిపించింది. ఈ వ్యాసం అందుకే.

నాసిక్ కొండ మీద 3వ గుహలో ఉందా శాసనం. ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి. బలశ్రీ మనుమడు పులుమావి పాలన 19వ ఏట, కొడుకు పోయిన తర్వాత చెక్కించింది. బౌద్ధుల్లో భద్రాయణీయ శాఖ భిక్షువులకు ఆ గుహను దానం చేస్తున్నానన్నదే అందులోని అసలు విషయం. కానీ ఆ విషయానికి రావడానికి చాలా దూరం నడవాలి. ముందంతా కొడుకు విశేషణాలే. అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయి. క్షత్రియుల గర్వం అణిచాడు. శకులను, యవనులను, పహ్లవులను నాశనం చేశాడు. క్షహరాత వంశాన్ని శేషం లేకుండా తుడిచేశాడు. అపరాధం చేసిన శత్రువు ప్రాణం తీయడానికైనా ఇష్టపడడు. తల్లికి ఎదురుచెప్పక సేవ చేశాడు. ఇవన్నీ సమాసం మీద సమాసంగా పేర్చుకుంటూ పోయి, ఇలాంటివాడి తల్లి అన్నచోట బలశ్రీ కనిపిస్తుంది. వ్యాకరణంలోనే ఆమె కొడుకు వెనకాల నిలబడి ఉంది. ఇక ఆమె గురించి చెప్పినవి సత్యం, దానం, క్షమ, అహింస, తపస్సు, ఉపవాసం. రాజర్షి భార్య అనే మాటకు పూర్తిగా తగినదట. ఆ భర్త పేరు మాత్రం లేదు. నానేఘాట్ శాసనంలో నాగనికను కూడా నెలల తరబడి ఉపవాసాలున్న రాణిగానే చూస్తాం. ఆ రాజవంశంలో ఆడవాళ్ళకు మాట్లాడే చోటు దొరికినా, పస్తులుండి మాట్లాడాల్సిందే కాబోలు.

పేరు సంగతి ఇంకా చిత్రం. గౌతమి అన్నది ఆమె సొంత పేరు కాదు, పుట్టింటి గోత్రం తెచ్చిన పేరు. సొంత పేరు బలశ్రీ. కొడుకు తన పేరు ముందు పెట్టుకున్నది తల్లిని కాదు, తల్లి తండ్రి గోత్రాన్ని. సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే వెళ్ళింది. మా విద్యార్థిని ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది.

మిగతా సగం ఒక్క మాట దగ్గర ఆగింది. నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడు అని కొడుకును మెచ్చుకుంటుంది శాసనం. అది ఆస్థాన లేఖకుడి మాట కావచ్చు. కానీ వెలువడింది తల్లి పేరు మీద. సంకరం ఆపడమంటే ఏమిటి? ఏ ఆడది ఎవరి బిడ్డను కనాలో కాపలా కాయడం.

ఆ మాట నన్ను ఆపడానికి కారణముంది. నాది కులాంతర వివాహం. మా నాన్న ఆరు నెలల్లో సర్దుకున్నాడు. మా అమ్మ మాత్రం రెండేళ్ళు మాట్లాడలేదు. పాప పుట్టాక వచ్చి, పక్కన కూర్చుని, "దీనికి ఇంటిపేరు వాళ్ళదేగా పెడతారు" అంది. కోపమో, ఊరటో ఇప్పటికీ తెలీదు. ఇరవయ్యేళ్ళు ఇల్లు దాటని మనిషి, ఆ ఇంటి గడపకు నాన్న కంటే గట్టి కాపలా కాసింది. బలశ్రీని చదువుతుంటే అమ్మ గొంతే వినిపించింది. ఆమె మీద కోపం రాలేదు. ఆమెను మనకు మూలపుటమ్మగా చేసుకోవాలన్న నా తొందర మీద వచ్చింది.

అయితే కథ 3వ గుహతో అయిపోలేదు. అదే కొండ మీద 10వ గుహలో దక్షమిత్ర అనే ఆమె ఒక గదిని దానం చేసినట్టు రాసి ఉంది. ఎవరీమె? క్షహరాత నహపాణుడి కూతురు, ఉషవదాతుడి భార్య. అంటే బలశ్రీ కొడుకు శేషం లేకుండా తుడిచేశానన్న ఇంటి ఆడపడుచు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా నహపాణుడి వెండి నాణేలు దొరికితే, అందులో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర మళ్ళీ కొట్టించి ఉన్నాడు. తండ్రి మొహం మీద ముద్ర పడింది. కూతురు ఇచ్చిన గది, గోడ మీద ఆమె పేరు అలాగే ఉన్నాయి.

రెండో శక స్త్రీ కన్హేరి గుహల్లో ఉంది. సతేరకుడనే అమాత్యుడు నీటి తొట్టి దానం చేస్తూ వేయించిన సంస్కృత శాసనంలో, వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి ప్రస్తావన వస్తుంది. ఈ శాతకర్ణి పులుమావికి తమ్ముడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆమె కార్దమక వంశస్థురాలు, శక మహాక్షత్రపుడి కూతురు. ఆ మహాక్షత్రపుడు రుద్రదాముడని చరిత్రకారులు పోల్చారు. ఆమె పేరు మాత్రం మనకు దక్కలేదు. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు, దక్షిణాపథ ప్రభువు శాతకర్ణిని రెండుసార్లు ఓడించి కూడా దగ్గరి బంధుత్వం వల్ల నాశనం చేయలేదని చెప్పుకున్నాడు. సంకరం ఆపిన ఇంటికి శకుల పిల్ల కోడలైంది. దాన్నెవరూ సంకరం అనలేదు. రాజ్యాలకు పనికొస్తే అది సంధి. సామ్రాజ్యం నిలబడటానికి కారణాలు చెప్పేటప్పుడు మనం గుర్రాలను, ఓడలను, వర్తకాన్ని లెక్కపెడతాం. ఈ పేరులేని అమ్మాయి ఏ లెక్కలోనూ లేదు.

3వ శతాబ్దం వచ్చేసరికి రాజ్యం ముక్కలైంది. కృష్ణా లోయలో ఇక్ష్వాకులు, నాసిక్ వైపు ఆభీరులు. ఆభీర రాజు ఈశ్వరసేనుడు కూడా మాఠరీపుత్రుడే. తల్లి పేరు అలంకారం రాజు మారినా పోలేదు. అతని 9వ ఏట, అదే 10వ గుహ ఆవరణలో విష్ణుదత్త అనే ఉపాసిక శాసనం వేయించింది. జబ్బుపడిన భిక్షువుల మందుల కోసం, నూనె గానుగలవాళ్ళతో సహా కొన్ని వృత్తి శ్రేణుల దగ్గర శాశ్వతంగా డబ్బు జమ చేసింది. ఆమె తండ్రి శకుడైన అగ్నివర్మ. తనను తాను శకనిక అని చెప్పుకుంది. విష్ణువు పేరు, అగ్ని పేరు పెట్టుకున్న తండ్రి, బుద్ధుడి సంఘానికి మందులు. ఇంతకంటే సంకరం ఏముంటుంది? నాశనమైపోయారన్న శకుల కూతురు, నాశనం చేశామన్నవాళ్ళ రాజ్యం పోయాక, ఆ కొండ మీదే రోగుల కోసం డబ్బు కడుతోంది.

విష్ణుదత్త కూడా కూతురిగా, భార్యగా, తల్లిగానే పరిచయమవుతుంది. ఆమెను మరో విగ్రహంగా నిలబెట్టే తప్పు ఇక చేయను. కానీ 3వ గుహలోని పెద్ద గొంతును ఒంటరిగా చదివితే సామ్రాజ్యం చెప్పుకున్నదే మనమూ చెప్తాం. పక్క గుహలతో కలిపి చదివితే దాని బడాయి తెలుస్తుంది.

ఈ ఏడు ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి నాలుగు శాసనాల తెలుగు సారాంశం రాసి ఇచ్చాను. వారం తర్వాత వచ్చి, "కన్హేరిలో ఆవిడ పేరు ఎక్కడా లేదా మేడం?" అంది. లేదన్నాను. చాలాసేపు అక్కడే నిలబడింది.