ఓవెన్ తలుపు విప్పి చూస్తే

ఓవెన్‌లో అందరూ మెచ్చుకునేది మంటనో, లోపల తిరిగే ఫ్యాన్‌నో. నా ఓటు మాత్రం తలుపుకే. లోపల 250 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్నా, ఇవతల పొరపాటున చెయ్యి తగిలితే బొబ్బెక్కకూడదు. కేకు పొంగుతోందో లేదో కనిపించాలి కూడా. ఇంత పనీ జరగాల్సింది రెండంగుళాల మందంలోనే.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే చిన్న ఓటీజీలకు చాలావరకు ఒంటి అద్దమే. గోడలో అమర్చే పెద్ద ఓవెన్ సంగతి వేరు. బయటికి ఒకే అద్దంలా కనిపించేది నిజానికి రెండు మూడు గాజు పలకలు. దాదాపు 500 డిగ్రీల దాకా వేడెక్కి లోపలి మడ్డిని బూడిద చేసుకునే రకాల్లో నాలుగు కూడా ఉంటాయి. పలకల మధ్య ఖాళీలోకి కింది నుంచి చల్లగాలి చేరి, వేడిని పట్టుకుని పైనుంచి వెళ్లిపోతుంది. గాలి కోసం వదిలిన ఆ సందులోంచే నెయ్యి చుక్కలూ జారతాయి. పైపైన ఎంత తుడిచినా పోని చారలు అవే. దాన్ని లోపమనలేను. సందు మూస్తే తలుపు చల్లబడదు.

అందుకే విప్పడానికి వీలుగా చేశారు. ఓవెన్ పూర్తిగా చల్లారాక, కరెంటు ఆపి, తలుపు బార్లా తెరిస్తే రెండు కీళ్ల దగ్గరా చెరో చిన్న కొక్కెం కనిపిస్తుంది. చాలా మోడళ్లలో దాన్ని వేలితో తిప్పితే చాలు, కీలులోని బలమైన స్ప్రింగు అక్కడికక్కడే ఆగిపోతుంది. తర్వాత తలుపును సగానికి పైగా మూసి, రెండు చేతులా పట్టి ఎత్తితే ఊడి వస్తుంది. కొక్కెం వెయ్యకుండా లాగితే కీలు కత్తెరలా మూసుకుని వేళ్లు నలిపేస్తుంది. వేలెడు కూడా లేని ఆ ఇనుప ముక్కే ఈ తలుపులో నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎన్నేళ్ల తర్వాతో దీన్ని విప్పబోయే మనిషి వేళ్ల గురించి ఎవరో ముందే ఆలోచించారు.

తలుపును మెత్తటి తువ్వాలు మీద పడుకోబెట్టి, పై పట్టీ క్లిప్పులు నొక్కితే పలకలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఏది ఏ వైపు తిరిగి ఉందో గుర్తుపెట్టుకోవాలి. కొన్నిటికి వేడిని వెనక్కి కొట్టే పూత ఉంటుంది.

మాడిన నూనె వేడికి గట్టిపడి వార్నిష్‌లా అతుక్కుంటుంది. తడి వంటసోడా ముద్ద రాసి అరగంట వదిలేస్తే మెత్తబడుతుంది. సోడా గాజుకన్నా మెత్తన, గీత పడదు. స్టీలు పీచు మాత్రం వద్దు. ఈ పలకలకు సాధారణంగా వాడే టెంపర్డ్ గాజులో పైపొర నొక్కుడులో, నడిమి భాగం లాగుడులో ఉంటాయి. ఆ బిగువే దాని బలం. లోతైన గీత పడినా, అంచు చిట్లినా ఎప్పుడో ఒకరోజు పలక మొత్తం గులకరాళ్లంత ముక్కలైపోతుంది.

తలుపు చుట్టూ ఉండే గాస్కెట్ గాజునూలు అల్లికైతే నానబెట్టకండి, రుద్దకండి. తడిగుడ్డతో అద్దితే చాలు. తలుపు బిగించి, కొక్కేలు వెనక్కి తిప్పాక, అంచున ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. బిగువుగా వస్తే సరే. ఊరికే జారి వచ్చిందంటే వేడి బయటికి పోయేది అక్కడినుంచే, గాస్కెట్ మార్చాలి.