కాళ్ల పొడవుతో మొదలయ్యే గది

గుంట మగ్గానికి గుంట తవ్వేటప్పుడు ముందు చూసేది కూర్చునే మనిషి కాళ్లు. మోకాలి దగ్గర వంగిన కాలు కిందికి దిగి, పాదం తొక్కుడు చెక్క మీద నిండుగా ఆనాలి. తొక్కినప్పుడు పాదమే కదలాలి, నడుం కదలకూడదు. ఈ లెక్క కుదిరాకే కిటికీ ఎక్కడ, దర్వాజ ఎటు, నూలు చుట్టిన కండెల బుట్ట ఏ చేతివైపు అన్న సంగతులు. అటు నల్లగొండ వైపు భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, సిరిపురం. ఇటు పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు నారాయణపేట, గద్వాల. ఈ ఊళ్లలో నేతపనివాళ్ల మగ్గం గదిని ఎవరూ ఆఫీసు అనరు. కానీ ఇంటి దగ్గరే కూర్చుని రోజంతా పనిచేసుకునే మనిషి కోసం మన మెట్ట జిల్లాల్లో ఇంతకంటే ఆలోచనతో కట్టిన గది నాకు కనపడలేదు.

2020లో కరోనా వచ్చి హైదరాబాద్ కంపెనీల ఆఫీసులు మూతపడ్డప్పుడు ల్యాప్‌టాప్‌లు ఊళ్లకు చేరాయి. మంచం మీద బోర్లా పడుకుని కొందరు, వంటింటి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కొందరు ఉద్యోగాలు చేశారు. ఇప్పుడు చేతిలో కాస్త డబ్బున్నవాళ్లు పెరట్లో ఒక చిన్న గది వేసుకుంటున్నారు. చాలావరకు ఫోన్లో బొమ్మ చూసి కట్టించినవే: రేకుల కప్పు, అద్దాల గోడ, లోపల ఏసీ. నల్లగొండ మే నెలలో అద్దాల గోడ! ఇలాంటి గది కట్టించేముందు ఒక్క పూట మగ్గం గదిలో కూర్చుని రావాలని నేను ఎవరికైనా చెబుతాను.

అక్కడ మొదట గమనించవలసింది, నేసే మనిషి ఎందుకోసం లేస్తున్నాడన్నది. దాదాపు దేనికీ లేవడు. కూర్చునేది నేల మట్టంలోనే, గుంట అంచు మీద. కాళ్లు గుంటలో. పోగును కొట్టి బిగించే పలక మోచేతి ఎత్తులో ఊగుతుంది. పిడి లాగితే నూలు మోసే నాడె ఇటు నుంచి అటు పరుగెత్తుతుంది. కండె అయిపోతే ఇంకోటి చేయి చాచినంత దూరంలో ఉంటుంది. నేసిన బట్ట చుట్టుకునే కర్ర ఒళ్లోనే ఉన్నట్టుంటుంది. పాత గుంట మగ్గాల్లో నాకు అన్నిటికంటే నచ్చే ఏర్పాటు ఒక తాడు. పడుగు (నిలువు పోగుల వరస) గదికి ఆ చివరన ఉంటుంది. దాన్ని బిగించి పట్టిన తాడు అక్కడి గుంజ చుట్టూ తిరిగి మళ్లీ వెనక్కి, నేతగాడి పక్కన ఉన్న మేకు దాకా వస్తుంది. నేసిన బట్ట పెరిగాక ముందుకు చుట్టుకోవాలంటే ఆ చివరికి నడవనక్కర్లేదు. కూర్చున్న చోటే తాడు ముడి సడలించి, పడుగును కొంచెం వదిలి, మళ్లీ బిగిస్తాడు. పది పదిహేను అడుగుల దూరాన ఉన్న పనిని ఒక తాడుతో చేతి కిందికి తెచ్చుకోవడమంటే ఇదీ. ప్రింటరు కోసం పక్క గదిలోకి, చార్జరు కోసం మంచం దగ్గరికి, వెలుగు కోసం స్విచ్చు దగ్గరికి పదిసార్లు లేచే మన ఆఫీసు గదుల్ని దీని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

గది పొడవును నిర్ణయించేది కూడా పనే. నారాయణపేటలో ఒకేసారి ఎనిమిది చీరలకు సరిపడా, 56 గజాల పడుగు మగ్గానికి ఎక్కించడం వాడుక. అంత పొడవునూ గదిలో పరచలేరు కాబట్టి చుట్టి పెట్టి, కావలసినంతే సాచుకుంటారు. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు. రెండిటి పోగుల్ని నేతలోనే మెలేసి కలపాలి కాబట్టి మగ్గం దగ్గర రెండో మనిషి చేయి కావాలి. అందుకని అక్కడి గదికి పొడవుతోపాటు వెడల్పు లెక్క కూడా ఉంటుంది. గది చిన్నదా పెద్దదా అన్న ప్రశ్న వీళ్లకు రాదు. పని ఎంత చోటు అడుగుతుందో అంత, దాని చుట్టూ మనిషి తిరిగేంత.

ఇక వెలుతురు. పోచంపల్లి, పుట్టపాకల నేతకు చిటికి అని పేరుంది. నేయకముందే నూలును లెక్క ప్రకారం రబ్బరు పట్టీలతో కట్టి (పాత సైకిలు ట్యూబు కోసిన ముక్కలే చాలాచోట్ల ఆ పట్టీలు), రంగులో ముంచి, కట్లు విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. బొమ్మ నూలులోనే ఉంటుంది. మగ్గం మీద అది బయటపడుతుంది. పడుగు, పేక (అడ్డపోగు) రెండిటికీ చిటికి కట్టిన నేతలో పేక పోగు మీది ఎరుపు, పడుగు మీది ఎరుపు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడాలి. నేతగాడు పోగు వేశాక ఆగి, వేలి కొసతో దాన్ని నూలు వాసి ఇటో అటో జరుపుతాడు, తరువాతే పలక కొడతాడు. ఒక చీరలో ఈ జరపడం ఎన్ని వేలసార్లో. కళ్లకు ఇంత పని ఉన్న చోట కిటికీ ఎక్కడుండాలి? ఎదురుగా ఉంటే కళ్లు బైర్లు కమ్ముతాయి. వెనక ఉంటే తన నీడ తన బట్ట మీదే పడుతుంది. పక్కన ఉండాలి, అదీ గుంట దగ్గర, నేసే గీత మీద వెలుగు అడ్డంగా వాలేటట్టు. అడ్డంగా పడ్డ వెలుగులో ఒక్కో పోగు విడిగా లేచి కనిపిస్తుంది. కంప్యూటరు తెరకు కూడా కిటికీ పక్కనే ఉండాలని ఆఫీసుల నిపుణులు చెబుతారు. మగ్గం గదికి ఆ సలహా అవసరం రాలేదు.

నేతకు కావలసిన వెలుతురును బట్టి ఇల్లు కట్టుకోవడం ఇక్కడి విశేషమేమీ కాదు. ఇంగ్లండులో యార్క్‌షైర్ ఉన్ని నేతగాళ్లు పై అంతస్తు గోడంతా వరస కిటికీలు పెట్టుకున్నారు. లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్లు అటక మీద వెడల్పాటి కిటికీల కింద మగ్గాలు వేసుకున్నారు. తేడా ఎండలో ఉంది. వాళ్లు వెలుగు కోసం వెంపర్లాడారు; మనం వెలుగును పిలిచి ఎండను వాకిట్లోనే ఆపాలి. ఆ ఇంగ్లండులోనే నాటక రచయిత బెర్నార్డ్ షా తోటలో రాసుకునే చిన్న గుడిసె కట్టించుకున్నాడు. అది ఇరుసు మీద తిరిగేది. సూర్యుడు జరిగినప్పుడల్లా దాన్ని తోసి, ఎండ మొహాన పెట్టుకునేవాడు. అదే గుడిసె మిర్యాలగూడలో ఉంటే తోసేది నీడ వైపుకే.

ఈ దిక్కుల సంగతి కాస్త విప్పి చెప్పుకోవాలి, ఎందుకంటే పెరటి గదులు చెడిపోయేది ఇక్కడే. ఉత్తరం కిటికీలోకి ఎండ రాదని చల్లటి దేశాల పుస్తకాల్లో రాసి ఉంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లు భూమధ్యరేఖకు ఉత్తరాన పదిహేడు డిగ్రీలకు అటూ ఇటూగా ఉన్నాయి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తికి కొంచెం ఉత్తరానే ఉంటాడు. అయితే భయం లేదు. జూన్‌లో కూడా ఆ వాలు ఆరేడు డిగ్రీలు దాటదు, కిటికీ మీద ఒక అడుగు సన్‌షేడ్ ఉంటే ఆ వేళ కిటికీ అంతా నీడే. అసలు శత్రువు సాయంత్రం పడమటి ఎండ. అది అడ్డంగా వస్తుంది, ఏ సన్‌షేడూ దాన్ని ఆపదు. పడమర గోడకు కిటికీ వద్దు. గోడ అవతల వేప చెట్టు, కనీసం ఒక పాదు. ఇంత చేస్తే ఏసీ బిల్లు బాగా తగ్గించుకున్నట్టే.

మగ్గం గది నేల మట్టిది. పేడతో అలికి, ఎండాకాలంలో నీళ్లు చిలకరిస్తారు. ఇది అలవాటు కొద్దీ చేసే పని కాదు. నూలు పోగు పొడిగాలికి పెళుసెక్కి తెగుతుంది, తేమ ఉంటే సాగుతుంది. గుంట నేలలోకి దిగి ఉండటం వల్ల అక్కడి చల్లదనం పడుగును తాకుతూ ఉంటుంది. నేసే మనిషి కాళ్లకూ అదే సుఖం. ఈ తెలివికి ఒక చెడు కూడా ఉంది. పెద్ద వాన కురిస్తే గుంటలో నీళ్లు ఊరతాయి. తోడి పోసినా తేమ రోజుల తరబడి ఆరదు, అన్నాళ్లూ మగ్గం ఆగిపోతుంది. అందుకే చాలామంది నేల మీద నిలిచే స్టాండు మగ్గాలకు మారారు. నేతగాళ్లకు ఇల్లూ పనిగదీ కలిపి కట్టించే పథకాలు ప్రభుత్వాలు ఏనాటి నుంచో నడుపుతున్నాయి, మగ్గానికి దీపాల సాయం కూడా ఇస్తున్నాయి. మంచిదే. కానీ స్లాబు నేరుగా ఎండకు కాలే గదిలోనో, రేకుల కిందో, మగ్గం ముందు కూర్చున్న మనిషిని ఏప్రిల్‌లో చూస్తే, నాపరాళ్లూ మట్టీ గూనపెంకలూ తెలిసిన ప్రాంతంలో ఇదేం కట్టడమని అనిపిస్తుంది.

మగ్గం గదిని అందంగా చేసింది ఏమిటి? అలంకారమని విడిగా ఏమీ లేదు. గోడ మీద పద్మశాలీల ఇలవేల్పు మార్కండేయుడి పటం, దుకాణం ఇచ్చిన కేలెండరు, గూట్లో దీపం మసి. పక్కన మేకుకు వేలాడే గ్రాఫు కాగితం. దాని మీద పెన్సిలుతో గీసిన గడులు, ప్రతి గడీ రేపటి చీరలో ఒక మచ్చ. దండెం మీద ఆరుతున్న చిటికి కట్టిన నూలు, సగం కట్లు విప్పినది, సగం విప్పనిది. ఏ ఇంటీరియర్ డిజైనరూ గోడకు పెట్టలేని రంగు అది, ఎందుకంటే వారానికోసారి మారుతుంది. పని సామాను కనబడేలా, చేతికి అందేలా పెట్టుకుంటే గది దానంతటదే నిండుతుంది. ప్లాస్టిక్ మొక్కలు, 'పాజిటివ్‌గా ఉండు' అని రాసిన బోర్డులు తెచ్చి అంటించాల్సిన ఖాళీ మిగలదు.

అలాగని మగ్గం ఇంట్లో ప్రతిదీ మనిషిని చూసి చేసింది కాదు. చిటికికి ముందు ఆసు పోయాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంగా మేకుల వరస. నూలును ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్లీ ఇటు, చేత్తోనే తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు సుమారు 9 వేలసార్లు చేయి అటూ ఇటూ ఊగాలి, నాలుగైదు గంటల పని. ఇది ఇంటి ఆడవాళ్ల పని. మగ్గం గుంట కాళ్ల కొలతకు తవ్వుకున్న ఇళ్లలోనే ఆసు పోసే ఆమె భుజం సంగతి తరతరాలుగా ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నది ఆలేరు దగ్గరి శారాజీపేట కుర్రవాడు చింతకింది మల్లేశం. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు, దానికి తల్లి పేరే పెట్టాడు. ఒక చీర ఆసు గంటన్నరకు దిగివచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. పుట్టపాక గజం గోవర్ధన (2011), గజం అంజయ్య (2013)లకు నేతలోని పనితనానికి ఆ గౌరవం దక్కింది. మల్లేశానికి దక్కింది నేతకు వెనక, పేరులేని పనిలో ఉన్న బాధను చూసినందుకు. ఇంట్లో పనిగది వేసుకునేవాళ్లు దీన్ని కూడా చూడాలి: గది ఎవరిది, దాని వల్ల ఇంటి పని ఎవరి భుజం మీద పడుతోంది.

సరే, పెరట్లో మన గది. పది అడుగులకు ఎనిమిది చాలు. గోడకు ఈ నేల ఇచ్చే గుండురాయి, పగలగొట్టిన నల్లరాయి; అడుగున్నర మందం ఉంటే మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి చీకటి పడుతుంది, అప్పటికి తలుపులు తెరుచుకోవచ్చు. లోపల సున్నం, కింద మూడడుగుల మేర జాజు (ఎర్రమట్టి) పట్టీ. చెయ్యి ఆనే చోటు మాసినా జాజు మీద తెలియదు. పాత ఇళ్లలో అది ఉన్నది పండుగ శోభకు మాత్రమే కాదు. నేలకు తాండూరు బండలు, సందులు సిమెంటుతో నింపి. పెరటి హద్దుకు రాతి కడీలు. కప్పు దగ్గర గొడవ వస్తుంది. గూనపెంకల కప్పంత చల్లన మరోటి లేదు, కానీ ఊళ్లో కోతులు దాన్ని ఒక సీజను కూడా ఉండనివ్వవు. ఇళ్ల పెంకలు తీసి రేకులు వేసుకోవడానికి వాననీళ్ల కంటే కోతులే పెద్ద కారణమంటే నేను నమ్ముతాను. దీనికి దారి కేరళలో లారీ బేకర్ చూపించాడు: స్లాబు పోసేటప్పుడు ఇనుప చువ్వల నడుమ, కాంక్రీటు నిజంగా పని చేయని చోట, పెంకలు పేర్చి పోయడం. కాంక్రీటు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, లోపలికి చూస్తే పెంకల వరస కనిపిస్తుంది, పైన కోతులకు పీకడానికి ఏమీ దొరకదు.

బల్ల విషయంలో నా ఓటు గుంటకే. నేల మట్టంలో కూర్చుని, ముందు పొట్టి బల్ల, కాళ్లు దించుకోవడానికి బల్ల కింద అడుగున్నర గుంట. జపానులో ఇలాంటి బల్లలు ఇళ్లలో ఉన్నాయి, కాళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి. మనకు చల్లగా ఉంచుకోవడానికి. గుంట తవ్వేముందు కూర్చునే మనిషిని నేల మీద కూర్చోబెట్టి మోకాలి నుంచి మడమ దాకా కొలుచుకోవాలి, మేస్త్రి మోకాలితో కాదు. అడుగున, గోడలకు బండలు పరచాలి. ఒక మూలకు వాలు ఇచ్చి నీళ్లు పోయే గొట్టం బయటి కాలువలోకి పెట్టాలి, గుంట మగ్గం చేసిన తప్పు మనం చేయకుండా. ప్లగ్గు పాయింట్లు గుంటకు దూరంగా, గోడకు జానెడు పైన. ఇక రాత్రిపూట కాళ్లు దించే ముందు ఒకసారి టార్చి వేసి చూసుకోవాలి. ఈ రాళ్ల నేలలో తేళ్లకు కొదవ లేదు, వాటికీ చల్లటి చోటే కావాలి.